మా పాప, తాత, మూస్ వేట

మా గుంటూరు వైపు మేకమాంసాన్ని వేటమాంసం అంటారు. మీ వైపు కూడా అంటారేమో. ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని బజారుకెళ్ళి, కొట్టు దగ్గర అరగంట నిలబడి, "కాస్త లేతది చూసి కొట్టవయ్యా" అని బతిమాలి తెచ్చుకునేదాన్ని వేట అని ఎందుకంటారో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. బలి ఇచ్చే మేకనీ, పొట్టేలునీ వేట అంటారని డిగ్రీలో మా తెలుగు లెక్చరర్‌గారు చెప్పాక, సరేలే అనుకున్నాను. నిజం వేట నా కళ్ళతో చూస్తానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మనకి తెలిసిన వేటలు రెండే కదా. ఒకటి పాత సినిమాల్లో రాజుగారిది, రెండోది పేపర్లో పడే దొంగ వేట.

మేముండేది స్వీడన్ దక్షిణాన, స్మోలాండ్‌లో ఎల్మ్‌హుల్ట్ అనే చిన్న ఊళ్ళో. ఐకియా పుట్టిన ఊరు అంటే మీకు తెలుస్తుంది. ఊరు చిన్నదే అయినా మనవాళ్ళు బాగానే ఉన్నారు, ఉగాదికి వేపపువ్వు ఎవరో ఒకరి సూట్‌కేసులో వచ్చేస్తుంది. ఊరు దాటితే మాత్రం అంతా అడవే. పైన్ చెట్లు, స్ప్రూస్ చెట్లు, మధ్యమధ్యలో చెరువులు. ఆ అడవిలో మూస్ ఉంటుంది. స్వీడిష్‌లో 'ఎల్య్' అంటారు. జింకల జాతిలో అన్నిటికంటే పెద్దది. మూపు దగ్గరే మనిషెత్తు ఉంటుంది, మగదైతే నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. రోడ్ల మీద దాని బొమ్మతో పసుపుపచ్చ బోర్డులు ఉంటాయి. అవి అలంకారానికి కాదు. కాళ్ళు పొడుగు కాబట్టి కారు గుద్దితే ఆ బరువంతా నేరుగా అద్దం మీదికి వస్తుంది. ఒక రాత్రి మావారు సడెన్ బ్రేక్ వేసినప్పుడు, హెడ్‌లైట్ల వెలుగులో ముందు నాలుగు కాళ్ళే కనిపించాయి నాకు. తల ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ మూస్ వేట ఇక్కడ మన సంక్రాంతి లాంటిది. ఉత్తరాన సెప్టెంబరు మొదటి సోమవారం, మావైపు అక్టోబరు రెండో సోమవారం మొదలవుతుంది. ఆ వారం ఆఫీసుల్లో సెలవులు, స్కూల్లో కొన్ని బెంచీలు ఖాళీ. పక్కింటి పెద్దాయనకి డెబ్భై దాటాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో వెళ్ళడం మొదలుపెట్టి ఇప్పటికీ ఒక్క ఏడాది మానలేదట. ఇక్కడ చిన్నాపెద్దా లేకుండా అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు. మా పాపకి మాత్రం పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం ఎలాగూ రాలేదు, వచ్చిన కొత్తలోనే ఆయన్ని 'తాతా' అనేసింది. ఆయనకి అది ఎంత అలవాటైందంటే, ఫోన్‌లో మెసేజ్ పెడితే చివర 'తాత' అని రాస్తారు.

కిందటేడు సెప్టెంబర్లో ఆ తాతే గుమ్మంలో నిలబడి అడిగారు. పాప అడుగుతోంది, మీకు అభ్యంతరం లేకపోతే ఒక శనివారం వేటకి తీసుకెళ్తాను, మీరూ రండి అని. పాపకి పదకొండేళ్ళు. నాకు చెప్పకుండా అక్కడిదాకా నడిపించిందన్నమాట వ్యవహారం.

మావారికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. "మీరిద్దరూ వెళ్ళండి, నేను సాంబారు పెట్టి ఉంచుతా" అన్నారు. అసలు గొడవ ఫోన్‌లో వచ్చింది. "ఆడపిల్లని వేటకి పంపుతావా? అది రాత్రిళ్ళు జడుసుకుంటే?" అన్నారు మా అత్తయ్యగారు. ఆడపిల్ల అన్నమాట పక్కన పెట్టాను. తాత కూతురు స్కూల్లో టీచరు, వాళ్ళ గుంపులో వేటకుక్కని నడిపించేది ఆవిడే. భుజాన తుపాకీ వేసుకుని రోజుకి పదిహేను కిలోమీటర్లు అడవిలో నడుస్తుంది. జడుసుకోవడం సంగతి మాత్రం ఆలోచించాల్సిందే కదా. నేను రెండు రాత్రులు ఆలోచించాను.

మా ఇంట్లో నా చిన్నప్పుడు కోడిని కోసేటప్పుడు నాన్న "లోపలికి పోండి" అనేవారు. పిల్లలమంతా లోపలికి పోయేవాళ్ళం. గంట తర్వాత వాసన వస్తే బయటికి వచ్చేవాళ్ళం. మధ్యలో ఏం జరిగిందో అందరికీ తెలుసు, ఎవ్వరం చూడలేదు. నా కూతురికి ఆ 'లోపలికి పో' అనే అవసరం కూడా లేకుండా పోయింది. దానికి తెలిసిన కోడి ప్లాస్టిక్ ట్రేలో, ముక్కలుగా, మీద తారీఖుతో వస్తుంది. అడిగింది కాబట్టి చూడనిద్దాం అనిపించింది. తిననంటే మానేస్తుంది, తింటానంటే తెలిసి తింటుంది. అత్తయ్యగారికి అదే చెప్పాను. "నీ ఇష్టం" అన్నారు. ఆ 'నీ ఇష్టం' ఎలా అంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

తుపాకీ అంటే భయపడేవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ ఎవరు పడితే వాళ్ళు వేటాడలేరు. పరీక్ష ఉంది. 1985 నుంచి కొత్తగా వేటకి దిగేవాళ్ళంతా రాసి తీరాలి. థియరీలో 70 ప్రశ్నలు, 60 కరెక్టుగా రాయాలి. ఆపైన తుపాకీ పేల్చే పరీక్షలు, అందులో పట్టాల మీద పరుగెత్తే మూస్ బొమ్మని కొట్టడం ఒకటి. గాయపడిన జంతువుని అలా వదిలెయ్యకూడదు కాబట్టి, రెండు గంటల్లో అక్కడికి చేరగలిగేలా జాడ పట్టే కుక్క ఒకటి అందుబాటులో ఉండాలి. ఇవన్నీ పాపకి తాత ముందే పాఠంలా చెప్పారు. నాకు పాప చెప్పింది.

ముందురోజు రాత్రి పాప నాకు పెట్టిన రూల్స్ వేరే. కొబ్బరినూనె వద్దు, మూస్‌కి కళ్ళు అంతంతమాత్రం కానీ ముక్కు చాలా చురుకు. ఉల్లిపాయ పెట్టిన సాండ్‌విచ్ వద్దు. జంతికలు అసలే వద్దు. "అమ్మా, నువ్వు జంతిక కొరికితే నార్వే దాకా వినిపిస్తుంది" అంది. నేను పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. ఇంగువ వాసన సంగతి దానికి తట్టలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

పొద్దున్న ఆరున్నరకి, ఇంకా చీకట్లోనే, అడవి అంచున ఒక చెక్క గుడిసె దగ్గర కలిశాం. పద్నాలుగు మంది. ఇద్దరు కాలేజీ పిల్లలు, నలుగురు ఆడవాళ్ళు, మిగతావాళ్ళు తాత వయసు, అంతకంటే కాస్త చిన్న. అందరి టోపీల మీదా నారింజరంగు. తుపాకులన్నీ తెరిచి, ఖాళీ అని కనపడేలా పట్టుకున్నారు. గుంపు పెద్ద ఒక కాగితం చూసి చదివాడు: ఈ సీజన్‌కి ఇంకా ఎన్ని పెద్దవి, ఎన్ని పిల్లలు కొట్టొచ్చు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎటువైపు పేల్చకూడదు. చివర్లో ఒక మాట గట్టిగా అన్నాడు. పాప నా చెవిలో తెలుగులో చెప్పింది. "తల్లీ పిల్లా కలిసి వస్తే, ముందు పిల్లనే కొట్టాలంట."

నేను సరిగ్గా విన్నానా అనుకున్నాను. మళ్ళీ అడిగాను. "పిల్లనే అమ్మా. తల్లిని కాదు."

మా చోటు ఒక చెక్క మంచె. మన జొన్నచేలల్లో పిట్టల్ని తోలడానికి కట్టే మంచె లాంటిదే, నిచ్చెన మాత్రం గట్టిది. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. పాప చెవులకి తాత హెడ్‌ఫోన్ లాంటిది పెట్టారు. అది తుపాకీ శబ్దాన్ని ఆపేస్తుంది, చిన్న చిన్న చప్పుళ్ళని పెద్దవి చేస్తుంది. కాసేపటికి పాప కళ్ళు ఇంతలేసి చేసుకుని కిందికి చూపించింది. ఎండుటాకుల కింద ఎలుక నడుస్తోందట. నాకేం వినపడలేదు.

రెండున్నర గంటలు. నా కూతురు, బాత్రూంలోకి కూడా ఫోన్ పట్టుకెళ్ళే నా కూతురు, రెండున్నర గంటలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంది. వెలుతురు నెమ్మదిగా వచ్చింది. ముందు చెట్ల కాండాలు, తర్వాత నాచు, తర్వాత దూరాన పొగమంచు. చలికి నా వేళ్ళు పోయాయి. తాత మధ్యలో ఒకసారి ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చారు, అదీ చప్పుడు లేకుండా.

కుక్క మొరుగు చాలా దూరం నుంచి వినిపించింది. ముందు ఆగి ఆగి, తర్వాత ఒకే చోట నిలబడి మొరిగినట్టు. అంటే మూస్‌ని నిలేసిందన్నమాట. తర్వాత ఆగిపోయింది. రేడియోలో ఆయన కూతురి గొంతు, మెల్లగా: కదిలాయి, మీవైపే. తాత వీపు నిటారుగా అయింది.

తల్లి ముందు వచ్చింది. అంత పెద్ద జంతువు అంత చప్పుడు లేకుండా ఎలా నడుస్తుందో. బూడిదరంగు కాళ్ళు, పొడుగు మూతి. ఆగి, చెవులు తిప్పి, మళ్ళీ నడిచింది. పది అడుగుల వెనక పిల్ల. పిల్ల అంటే చిన్నదనుకోకండి, మేలో పుట్టి ఉంటుంది, అప్పుడే మన ఇంటి ఆవుపెయ్య కంటే ఎత్తుంది. ఎర్రగా, బొచ్చుగా, నడక ఇంకా కుదరనట్టు ఉంది. పాప చెయ్యి నా మోకాలి మీద ఉంది. అది బిగుసుకుంది.

పిల్ల పక్కకి తిరిగిన క్షణం తాత పేల్చారు.

పిల్ల ఒక్క ఉదుటున పరుగెత్తింది, ఓ ముప్ఫై గజాలు, తర్వాత ముందుకాళ్ళు మడతపడ్డాయి. తల్లి దూరంగా పారిపోయి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఇది నేను కల్పించి రాయడం లేదు. చెట్ల మధ్య నిలబడి చాలాసేపు ఇటే చూసింది. తాత తుపాకీ దించేశారు. మేం కదల్లేదు. పది నిమిషాలో, ఇంకా ఎక్కువో. తర్వాత అది వెళ్ళిపోయింది.

కిందికి దిగే ముందు పాప అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకున్నది కాదు. నొప్పి పుట్టిందా అని అడగలేదు. "తల్లి ఇప్పుడు ఏం చేస్తుంది?" అంది.

తాత అబద్ధం చెప్పలేదు. ఒకటి రెండు రోజులు ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది, వెతుకుతుంది అన్నారు. మరి తల్లిని ఎందుకు కొట్టకూడదు అని అడిగింది. తల్లి పోతే చలికాలంలో పిల్లకి దారి చూపించేవాళ్ళు ఉండరు, మంచులో తిండి ఎక్కడుందో తెలియదు, దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళూ ఉండరు. తల్లి ఉంటే వసంతంలో మళ్ళీ ఈనుతుంది. "వచ్చే మేలో కొత్త పిల్ల పుట్టే ముందు, ఈ పిల్లని ఎలాగూ తనే తరిమేసేది" అన్నారు. ఏడాది నిండగానే పొమ్మంటుందట. పదో తరగతి కాగానే పిల్లల్ని తీసుకెళ్ళి ఇంటర్ హాస్టల్లో పడేసే మనకి, ఆ మాట అనే హక్కు ఏముందిలే అనుకున్నాను కానీ, గొంతులో ఏదో అడ్డం పడింది. లెక్క అంతా సరిగ్గానే ఉంది. ఎక్కడా తప్పు పట్టలేను. అయినా ఆ తల్లి తల తిప్పి చూసిన చూపు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

పాప దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవి ముట్టుకుంది. "ఇంకా వెచ్చగా ఉందమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు. తాత ఏడవొద్దని అనలేదు, నేనూ అనలేదు. ఆయన ఒక స్ప్రూస్ రెమ్మ విరిచి పిల్ల నోట్లో పెట్టారు. ఆఖరి ముద్ద అట. జర్మనీ వైపు వేటగాళ్ళ ఆచారం, వాళ్ళ నాన్న చేసేవారట. చూస్తే నాకు మనవాళ్ళు పోయినప్పుడు నోట్లో పోసే తులసితీర్థం గుర్తొచ్చింది. డిగ్రీలో ధూర్జటి తిన్నడి కథ చదువుకున్నాం. బోయపిల్లాడు వేటాడి, మాంసం రుచి చూసి మరీ శివుడికి పెడతాడు, చివరికి కళ్ళు పెకిలించి ఇస్తాడు. పరీక్షలో ఆ భక్తి గురించి నాలుగు పేజీలు రాశాను. ఆ మాంసం ఏ జంతువుదో, దాని వెనక ఎవరు నిలబడి చూశారో నాకు ఎప్పుడూ తట్టలేదు.

పొట్ట తీసే పని అక్కడే, అడవిలోనే. చల్లటి గాలిలో ఆవిరి లేచింది. నేను కాస్త పక్కకి వెళ్ళాను. పాప వెళ్ళలేదు. గుండె ఏది, కాలేయం ఏది అని తాత కూతురు చూపిస్తుంటే, స్కూల్లో బొమ్మ వేసింది ఇదేనా అని అడుగుతోంది. తర్వాత చైన్ల మీద నడిచే ఒక చిన్న బండి తెచ్చి లాక్కెళ్ళారు.

మధ్యాహ్నం నెగడు చుట్టూ అందరూ సాసేజ్‌లు కాల్చుకుంటూ ఉంటే నా పులిహోర డబ్బా చేతులు మారింది. ఇంగువ ఏంటని ఒకాయన అడిగితే చెప్పడానికి పావుగంట పట్టింది.

మాంసం వెంటనే పంచుకోరు. షెడ్డులో వేలాడదీస్తారు. దానికీ ఒక లెక్కుంది: రోజులనీ, చలి డిగ్రీలనీ గుణిస్తే నలభై దగ్గరికి రావాలి. షెడ్డులో 8 డిగ్రీలుంటే 5 రోజులు. పాప రోజూ సైకిల్ మీద వెళ్ళి థర్మామీటరు చూసొచ్చేది. గురువారం సాయంత్రం కోసి, బల్ల మీద పద్నాలుగు కుప్పలు పెట్టారు. తొడ ముక్క, పక్క ముక్క, ఖీమాకి పనికొచ్చేది, అన్నీ అన్ని కుప్పల్లో సమానంగా. సంక్రాంతికి మా ఊళ్ళో పదిమంది కలిసి పొట్టేలుని కోసి, టేకాకుల్లో పోగులు పెట్టేవాళ్ళు చూడండి, అచ్చం అదే. తేడా ఏంటంటే ఇక్కడ వాటా తేల్చడానికి ఒకరు వెనక్కి తిరిగి నిలబడాలి. ఇంకొకరు ఒక కుప్ప మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అంటే, చూడకుండా పేరు చెప్పాలి. ఆ రోజు వెనక్కి తిరిగింది మా పాప. పద్నాలుగు పేర్లూ తప్పు లేకుండా చెప్పింది. తాత పేరు వచ్చేసరికి "తాత" అంది, అందరూ నవ్వారు. ఆయన తన కుప్పలోంచి ఒక పొట్లం కట్టి దాని చేతిలో పెట్టారు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అత్తయ్యగారు ఒకటే ప్రశ్న. "దూడనా?" స్వీడిష్‌లో ఆవుకీ ఈ ఆడ మూస్‌కీ ఒకటే మాట, దూడకీ దీని పిల్లకీ ఒకటే మాట. మా పాప ఆ మాటని తెలుగు చేసి నాయనమ్మకి 'దూడ' అని చెప్పేసింది. "కాదత్తయ్యా, జింకల్లో పెద్ద రకం, జింకపిల్ల అనుకోండి" అన్నాను. "జింకపిల్లా!" అన్నారు, ఇంకా బాధగా. నిజమే మరి, జింకపిల్ల అనేసరికి మనకి లేడికూన గుర్తొస్తుంది, కణ్వుడి ఆశ్రమం గుర్తొస్తుంది. ఏ మాట వాడినా నాకు కుదరలేదు. తెలుగులో దీనికి మాట లేకపోవడం ఆ ఒక్కరోజు హాయిగా ఉండాల్సింది, లేదు. పాప ఫోన్ లాక్కుని, "నాయనమ్మా, నేను జడుసుకోలేదు. ఏడ్చాను. రెండూ వేరు" అంది. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా తల్లీ" అన్నారు.

ఆ పొట్లాన్ని పాప తనే మూడు కవర్లలో సర్ది ఫ్రీజర్లో పెట్టింది. మీద మార్కర్‌తో తెలుగులో రాసింది. దానికి తెలుగు రాయడం నేనే నేర్పాను, వంకరటింకరగా రాస్తుంది. 'దూడ. అక్టోబరు. తాత కొట్టింది.' ఒక కవరు మీద కింద ఇంకో లైను ఉంది: 'తల్లి చూసింది.'

తర్వాత మూడు వారాలు అది మాంసం ముట్టుకోలేదు. చికెన్ కూడా. నేను అడగలేదు, పప్పులో నెయ్యి కాస్త ఎక్కువ వేశానంతే. మావారే రెండుసార్లు ఫ్రీజర్ తెరిచి, చదివి, మూసేశారు.

మొన్న శుక్రవారం స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా ఫ్రీజర్ ముందు నిలబడింది.

"అమ్మా, ఆదివారం ఒక కవరు తీస్తావా? గోంగూర వేసి చెయ్యి, ఎండబెట్టింది ఉందిగా. తాతని కూడా పిలుద్దాం."

"నువ్వు తింటావా?"

"ముందు చెయ్యి. చూస్తాను."